కక్కు కొట్టినవాడి మొదటి ముద్ద

ఆ వాక్యం అబద్ధం. “ఇసుర్రాయికి కొత్తగా కక్కు కొట్టించిన రోజున, మొదట విసిరిన పిండితో వంట చేసి, ఇంట్లోవాళ్ళకంటే ముందుగా ఆ పనివాడికే వడ్డించి గౌరవించడం మన సీమ ఇళ్ళ ఆచారం” అని ఒక పుస్తకంలో అచ్చు వేశారు. గౌరవం లేదు, మన్నూ లేదు. కొత్తగా ఉలి తగిలిన రాయి నుంచి పిండిలోకి ఇసుక దిగుతోందా లేదా అని చూసుకోవడానికి మా పళ్ళు వాడుకున్నారు. మేము నమలాలి. మా నోట్లో కరకరమనకపోతే అప్పుడు వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చోవాలి. ఆ నమిలినవాళ్ళలో నేనొకణ్ణి. ఒక ఏడాదిపాటు, ఊరూరా తిరిగి నమిలాను.

ఈ పుస్తకం నా చేతికి వచ్చింది మా బేతంచెర్ల గ్రంథాలయంలో. రోజూ పొద్దున అక్కడికి పోయి కూర్చోవడం నాకు అలవాటు. కూర్చోవడమంటే మాటవరసకే. అరగంటకు మించి ఏ కుర్చీలోనూ నిలవను, లేచి బయటికి పోయి, నాపరాళ్ళ లారీలు ఎన్ని పోయాయో చూసి, మళ్ళీ వచ్చి ఇంకో కుర్చీలో కూర్చుంటాను. గ్రంథాలయం పిల్లోడు నవ్వుకుంటూ ఆ పుస్తకం నా ముందర పడేశాడు. “పెద్దాయనా, సీమ వంటల మీద కొత్త బుక్కు వచ్చిండాది. నీకు తిండి మీద యావ శానా గదా, చదువుకో” అన్నాడు. “యావ నీది, నాది జ్ఞాపకం” అన్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాదు. రాళ్ళ మీద రంగుతో రాసే అంకెలతో మొదలుపెట్టి, బోర్డుల మీది పేర్లు, పొట్లాల కాగితాలు, ఆ తర్వాత ఈ గ్రంథాలయం, ఇదీ నా బడి. అందుకే కాబోలు, అచ్చులో అబద్ధం కనపడితే చదువుకున్నవాళ్ళకంటే నాకే ఎక్కువ మంట. కష్టపడి నేర్చుకున్నది అబద్ధాలు చదవడానికా?

పుస్తకం రాసింది ఒక టీచరమ్మ, కడపలో ఉంటుందట. పేరు ప్రసూన. ముందుమాటలో, “ఈ సంగతులు చాలావరకు కోడుమూరు బజారువీధిలో కిరాణా అంగడి నడిపిన మా అవ్వ దగ్గర విన్నవి” అని రాసుకుంది. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ అవ్వను ఊరంతా శెట్టెమ్మ అనేవాళ్ళు. ఆ ఇంటి ఇసుర్రాయికి కక్కు కొట్టింది మా చిన్నాయన, పక్కన కూర్చుని పైరాయి తిప్పి పట్టింది నేను. ఆ ఇంట్లో తిన్నది కూడా నేనే. కాబట్టి ఊరికే వదిలెయ్యలేను. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచి ఇదంతా రాయడం నాకు చేతకాదు. ఆ పెట్టడం నిజంగా గౌరవమే అయితే, మా చిన్నాయనను నేను ఆనాడు అన్న మాటలన్నీ తప్పవుతాయి. ఆ మాటల తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య పొడిమాటలు తప్ప ఇంకో మాట నడవలేదు.

ఇప్పటి పిల్లలకు కక్కు అంటే చెప్పాలి. రోలైనా ఇసుర్రాయైనా వాడగా వాడగా ముఖం నున్నబడుతుంది. నున్నబడిన రాయి గింజను నలపదు, జారవిడుస్తుంది. ఆడమనిషి చెయ్యి పడిపోతుంది గానీ పిండి పడదు. అప్పుడు ఉలితో ఆ ముఖం మీద సన్నని గుంటలు దగ్గరదగ్గరగా కొట్టి మళ్ళీ గరుకు చెయ్యాలి. ఆ గుంటలే కక్కు. మా చిన్నాయన మద్దిలేటి ఆ పనిలో దిట్ట. నేనేమో ఏ పనిలోనూ నిలవని వెధవను. మా నాయన నన్ను రాళ్ళ గనిలో పెడితే పారిపోయాను. లారీకి క్లీనరుగా పెడితే గుంతకల్లులో దిగి పారిపోయాను. మూడోసారి ఎక్కడి నుంచి పారిపోయానో నాకే గుర్తులేదు, ఇంటికి తెచ్చింది మాత్రం చిన్నాయనే. అప్పటికి మీసం నల్లబడిన వయసు నాది. “ఈ యేడు నా ఎంట తిరుగు. నాలుగు నాళ్ళకు మించి ఏ ఊర్లోనూ ఉండం. పారిపోయేటోనికి ఇంతకంటే మంచి పని యాడ దొరుకుతాదప్పా?” అన్నాడు. నాకు ఆ లెక్క నచ్చింది.

అట్లా మొదలైంది ఆ ఏడాది. గోనెసంచిలో మూడు ఉలులు, రెండు సుత్తులు, చెరొక దుప్పటి. ఊరి మొదట్లోనే చిన్నాయన గొంతెత్తేవాడు, “కక్కు కొడతామమ్మా, రోళ్ళకూ ఇసుర్రాళ్ళకూ కక్కూ!” అని. ఆ చివరి కక్కును సాగదీసి, గాలిలో వదిలేసేవాడు. నేను అరిస్తే కాకి అరిచినట్టు ఉంటుందని నన్ను అరవనిచ్చేవాడు కాదు. వాకిలి దగ్గర బేరం ఆయనదే, సంచి దించడం, నీళ్ళు తేవడం, రాయి తిప్పడం నావి. ఉలి దెబ్బ పడగానే రాతి నుంచి ఒక వాసన లేస్తుంది, అగ్గి రాజేసే ముందు వచ్చేటువంటి వాసన. అది ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ ఆకలి వేస్తుంది. ఎందుకంటే ఆ వాసన తర్వాత ఎప్పుడూ తిండే వచ్చేది.

రాయిని చదవడం నాకు చిన్నాయనే నేర్పాడు. అక్షరాలకంటే ముందు నేను చదివింది రాళ్ళనే. ఒక ఇంటి రాయి ముఖం చూస్తే ఆ ఇంటివాళ్ళు ఏం తింటారో చెప్పెయ్యొచ్చు. జొన్నలు విసిరే రాయికి అంచు అరుగుతుంది. పప్పు పగలగొట్టే రాయికి గింజలు పోసే కన్ను చుట్టూ అరుగుతుంది. రోలు గోడకు ఎర్రగా జిడ్డు పట్టి ఉంటే ఆ ఇంట్లో బుడ్డలూ, అంటే వేరుశనగలూ, ఎండుమిరపకాయలూ కలిపి నూరుతారని లెక్క. ఒకసారి కోడుమూరు దగ్గర పల్లెలో, రోలు అడుగున తెల్లని పాలచారలు చూసి, “మీ ఇంట్లో పాయసం ఎక్కువ తాగుతారు గదా అవ్వా” అన్నాను. ఆ అవ్వ కళ్ళు పెద్దవి చేసి, “మా ఆయప్పకు పండ్లు ల్యావప్పా, నీకెట్ల తెలిసె?” అంది. కుసుమ గింజలు తడిపి రుబ్బి, ఆ పాలు పిండి, బెల్లం వేసి చేసే పాయసం అది. అంతకు ముందు కుసుమలతో నూనె తీస్తారనే తెలుసు నాకు, పాలు తీస్తారని తెలీదు. ఆరోజు రెండు చెంబులు తాగాను. చిన్నాయన నా వైపు చూసి, “చాలు లేరా, ఆయప్పకు కొంచెం మిగల్చు” అన్నాడు.

అట్లా ఒక్కో ఊరు ఒక్కో రుచిగా నా నోట్లో నిలిచిపోయింది. మా ఇంట్లో పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్నసంగటి, పండగకు వరన్నం, అంతే. తిండంటే ఒకటే రంగు అనుకున్నాను. కోడుమూరు దాటినాక ఒక రైతు ఇంట్లో సజ్జరొట్టె మీద గురెళ్ళపొడి చల్లి, మధ్యలో గుంట చేసి నూనె పోసి ఇచ్చారు. నువ్వులకంటే సన్నగా, నల్లగా ఉంటాయి గురెళ్ళు, వేయించి దంచితే వాసన వీధి చివరిదాకా పోతుంది. నందికొట్కూరులో ఒక సాయిబుల ఇంట్లో బియ్యప్పిండి రొట్టెలు చేసి, “తిను బేటా, ఇసుక తగిలితే మీ చిన్నాయన పైకి ఉమ్మెయ్” అని ఆ ఇంటి పెద్దామె నవ్వింది. చిన్నాయన కూడా నవ్వాడు. నాకు ఆ మాటలో ఏమీ తట్టలేదు. తడితే ఏడాది అంత బాగా గడిచేది కాదేమో.

ఇంక శెట్టెమ్మ ఇల్లు. ముందు అంగడి, వెనక ఇల్లు, నడుమ ఒక చీకటి నడవ, అందులో ఇంగువా బెల్లమూ కిరసనాయిలూ కలిసిన వాసన. శెట్టెమ్మకు అప్పటికి ముప్పై ఉంటాయేమో. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. కక్కు కొట్టినాక శనగలు విసిరి పప్పు చేసింది, ఉడికించి బెల్లం కలిపి ఓళిగలు చేసింది, పెనం మీది నుంచి తీసి నేరుగా నా ఆకులో వేసింది. లోపల పిల్లలు ఏడుస్తున్నారు, మాకు, మాకు అని. “ఆగండి, ముందు ఆయప్ప తినాల. అదీ మన ఇంటి ఆచారం” అని వాళ్ళను కసిరింది. నా వైపు తిరిగి, “ఎట్లుండాదప్పా?” అని అడిగింది. “ఒకదానికి ఏం తెలుస్తాదమ్మా, ఇంకోటి తిని చెప్తా” అన్నాను. “చూడు వీని యవ్వారం! నీ కొడుకా మద్దిలేటప్పా?” “మా అన్న కొడుకు తల్లీ. నోరొక్కటే పని చేస్తాది వీనికి.” “పోనీలే, ఏదో ఒకటి పని చేస్తాంది గదా” అని ఇంకో రెండు వేసింది. నెయ్యి నా మోచేతుల దాకా కారింది. ఇంటివాళ్ళకంటే ముందు నాకు పెట్టారు! నా వయసెంత, నా పనెంత, నన్ను పిలిచి, ఆకు వేసి, పిల్లల్ని ఏడిపించి మరీ ముందు నాకు పెట్టారు. ఆ రాత్రి దుప్పటి మీద పడుకుని మీసం దువ్వుకున్నాను. పారిపోవాలని ఆ ఏడాది ఒక్కసారి కూడా అనిపించలేదు. తర్వాతి ఊర్లో ఏం పెడతారో అని కాలు ముందుకే లాగేది. పొద్దున చిన్నాయన లేవకముందే సంచి నా భుజాన ఉండేది.

ఆ మురిపెం విరిగింది కడప వైపు పోయినాక. పేరు ఎందుకు, ఒక పెద్ద రైతు ఇల్లు, మనుషులు పోయారు, వాళ్ళ పిల్లల్ని అనడం నాకు ఇష్టం లేదు. ఆ ఇంటికి కొత్త అల్లుడు వచ్చి ఉన్నాడు. రుబ్బురోలుకు కక్కు కొట్టి, కడిగి ఇచ్చాము. అలసందలు రుబ్బి వడలు వేస్తున్నారు. ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా నూనెలో పడిన వాసనకు అల్లుడు నిలవలేకపోతున్నాడు. “ఏం మామా, ఇంకా ఎంతసేపు?” అన్నాడు. మామ అరుగు మీద కూర్చుని, నాకు వినపడేటట్టే అన్నాడు. “తొందరపడాకప్పా. రోలు ఇప్పుడే కక్కు కొట్టించినాం. ముందు వాడు తినాల. వాని పండ్లు నిలబడితే మన పండ్లు నిలబడినట్టే.” అల్లుడు నవ్వాడు. లోపల ఆడవాళ్ళు నవ్వారు. నా ఆకులో వడలు పడ్డాయి, పొగలు కక్కుతున్నాయి. చిన్నాయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు.

కుసుమ పాయసం, బియ్యప్పిండి రొట్టె, శెట్టెమ్మ ఓళిగలు, అన్నీ ఒక్కసారిగా నోట్లో ఇసుకైపోయాయి. ఆకు అక్కడే వదిలేసి లేచాను. ఊరు దాటినాక చిన్నాయన వెనకే పరిగెత్తి వచ్చాడు. “ఏమాయరా నాగన్నా, అట్ల లేస్తివి? వాండ్లేమనుకోవాల?” అన్నాడు. “నీకు తెలుసు గదా?” అన్నాను. “ఏంది?” “మర్యాద కాదని. నా పండ్లు చూపించి పని ఇప్పించుకుంటాండావని. ఎద్దును కొనేటోడు నోరు తెరిచి చూసినట్ల. ఏడాదంతా నన్ను అమ్ముకుంటివి.” ఆయన సంచి కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. చివరికి, “తింటివి గదరా. బాగుండ్యా, ల్యాదా?” అన్నాడు. ఆ మాట నాకు ఇంకా మండింది. “థూ” అన్నాను, నిజంగానే ఉమ్మాను, ఆయన మీద కాదు, పక్కన నేల మీద. అయినా ఆయన తన మీదనే పడినట్టు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “పద. ఇంకో ఊరుండాది” అన్నాడు. నేను ఆయనతో ఇంకో ఊరికి పోలేదు.

బేతంచెర్లకు తిరిగి వచ్చి నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీలో చేరాను, ఈసారి పారిపోలేదు, పౌరుషానికి నిలబడ్డాను. పెళ్ళి, పిల్లలు, ఇల్లు, అన్నీ ఆ తడిసిన తెల్లదుమ్ములోనే అయ్యాయి. చిన్నాయన అప్పుడప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేవాడు. “తిన్యావా?” అనేవాడు. “తిన్యా” అనేవాణ్ణి. “సరే” అని పోయేవాడు. ఊర్లోకి కరెంటు పిండిగిర్ని వచ్చింది, ఆయన గొంతు వీధుల్లో వినపడడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. అంత్యక్రియలన్నీ నేనే చేశాను, లోటు రానివ్వలేదు. అడగాల్సింది మాత్రం అడగలేదు.

ఇప్పుడు చూడండి. మా ఊరి బయట రోడ్డు పక్కన ఒక కొత్త హోటలు పెట్టారు. గుమ్మంలో పాత రుబ్బురోలు ఉంచి, అందులో నీళ్ళు పోసి, గులాబీరేకులు వేశారు. వంగి చూశాను. లోపల మిషనుతో గీతలు కోసి పెట్టారు, దువ్వెన పండ్లలాగా. అది కక్కా? ఆ గీతల్లో గింజ ఇరుక్కుంటుంది గానీ నలగదు. సర్వరు పిల్లోణ్ణి పిలిచి చెప్పాను. “తాతా, మేము దాంట్లో ఏమీ రుబ్బం, సెల్ఫీ తీసుకుంటారు” అన్నాడు. లోపల రాగిసంగటి, ఊరిబిండి అని బోర్డు. తెప్పించుకుని తిన్నాను. బాగుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ పిండి ఎవరు విసిరారో వడ్డించినవాడికి తెలీదు, నాకంటే ముందు ఎవరు తిన్నారో నాకు తెలీదు. మా ఇంట్లో కోడలు ప్యాకెట్టు కత్తిరించి పిండి కలుపుతుంది. ఇసుక ఎప్పుడూ తగలదు. రుచి గుర్తుండేటట్టు కూడా ఎప్పుడూ తగలదు. ఆనాటి ఇళ్ళు మంచివని నేను అనను, వాకిట్లో కూర్చోబెట్టిన ఇళ్ళే అవి. అయినా ఆ వాకిళ్ళలో తిన్నదే నా నాలుకకు చదువు. ఈ రెండు మాటలూ నాలో పొసగవు, అందుకే ఈ వయసులోనూ ఒకచోట కూర్చోలేను.

టీచరమ్మకు మొదటి ఉత్తరం మర్యాదగా రాశాను. పుస్తకంలో ఉన్న చిరునామాకే పంపాను. జవాబు లేదు. రెండోది కొంచెం ఘాటుగా రాశాను. “అమ్మా, తిన్నవాణ్ణి నేను. వడ్డించినవాళ్ళ మనవరాలివి నువ్వు. గౌరవమో కాదో చెప్పవలసింది ఎవరు?” అని. దానికీ లేదు. పోస్టుమాను నన్ను చూస్తే సైకిలు పక్క వీధికి తిప్పేవాడు. మూడోదాంట్లో అంతా రాశాను. ఓళిగలు, నడవ, ఏడ్చిన పిల్లలు, కడప వైపు ఇల్లు, నేను ఉమ్మిన ఉమ్ము, చిన్నాయన తువ్వాలు. ఆ వాక్యం తీసెయ్యమన్నాను. తీసెయ్యకపోతే, అది ఎట్లా గౌరవమో నాకు రుజువు చెయ్యమన్నాను. ఉత్తరం డబ్బాలో వేసినాక, ఆ రుజువు మాట ఎందుకు రాశానా అని ఇంటిదాకా గొణుక్కుంటూ వచ్చాను.

నెల దాటినాక జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

“నాగన్న గారికి నమస్కారాలు. ఆలస్యానికి మన్నించండి. మీ మొదటి రెండు ఉత్తరాలకు ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. మూడోది చదివినాక కోడుమూరుకు పోయి మా అవ్వకు చదివి వినిపించాను. ఆమెకు ఇప్పుడు చూపు లేదు, జ్ఞాపకం బాగానే ఉంది. మధ్యలో రెండుసార్లు ఆపించి, మీ చిన్నాయన పేరు మళ్ళీ చదవమంది. ఆ తర్వాత చెప్పిన మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. అవి విన్నాక మీ వాక్యమూ నా వాక్యమూ రెండూ తప్పే అని నాకు అనిపిస్తోంది. అవ్వ మాటలివి: ‘కక్కు కొట్టినాక ఇసుక చూసేది కొట్టినోడేనే. మద్దిలేటప్ప చిటికెడు పిండి నోట్లో ఏసుకొని నమిలి, ఊ అనేటోడు. అంతే పరీక్ష. ఆ పిల్లోడు ఉలులు కడగను బాయికాడికి పోయినప్పుడే అది అయిపోయేది. కడప కాడ వాండ్లేమన్యారో నాకు తెలీదు, మా ఇంటి సంగతి చెప్తాండా. బేరం మాట్లాడేటప్పుడే ఆయప్ప నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు. “వీడు మూడుసార్లు పారిపోయినోడు తల్లీ. కొడితే నిలబడడు, తిడితే నిలబడడు. నోటికి నిలబడతాడేమోనని ఊరూరూ తిప్పుతాండా. నాకిచ్చే గింజలు తగ్గించుకో, దాని బదులు వానికి ఏదన్నా మంచిది చేసి పెట్టు, అందరికంటే ముందు పెట్టు. నేను అడిగినానని తెలిస్తే తినడు, రోషగాడు. మీ ఇంటి ఆచారమని చెప్పు” అన్యాడు. సరేనని చెప్పినా. ఆ మాట పిల్లోళ్ళు విన్యారు, నిజమనుకొన్యారు, వాండ్ల పిల్లలకు చెప్పినారు, నువ్వు తీస్కపోయి బుక్కులో ఏసినావు. మా ఇంట్లో అట్లాంటి ఆచారం యానాడూ ల్యాదు.’”